కొత్త డెస్క్‌టాప్ కొనే ముందు పాతదాన్ని ఒకసారి విప్పి చూడండి

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు ఒకే టెన్షన్ కనిపించింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కదా, ఇక పాత సిస్టమ్‌లన్నీ పారేయాల్సిందేనా అని. కొన్ని షాపుల్లో అవుననే చెబుతున్నారట. విశాఖలో, డాబా గార్డెన్స్ సందులో, ఏళ్ళ తరబడి రిపేరు బల్ల ముందు కూర్చుంటున్నాను. చాలా ఇళ్ళకి ఆ మాట వర్తించదని నా నమ్మకం. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు మన పని ఏ భాగం దగ్గర ఆగిపోతోందో ముందు తెలుసుకోవాలి. ఆ భాగం మీద పెట్టిన రూపాయి పనికొస్తుంది. మిగతా వాటి మీద పెట్టినది కంటికి కనిపిస్తుంది గానీ పనిలో కనిపించదు.

ప్రశ్న: అక్కా, మాది గాజువాక. నేను ఇంట్లో బట్టలు కుడతాను, మా ఆయన కాంట్రాక్టు పనికి వెళ్తారు. బాబుకి ఈ ఏడాది బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో సీటొచ్చింది. మా అన్నయ్య ఇచ్చిన పాత డెస్క్‌టాప్ ఉంది. ఐ3-4130 అని రాసి ఉంది, ర్యామ్ 4 జీబీ, హార్డ్ డిస్క్ 500 జీబీ. ఆన్ చేసి, టీ పెట్టుకుని తాగి వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. షాపులో చూపిస్తే "ఇది వేస్ట్, 55 వేలకి కొత్తది తీసుకోండి, నెలనెలా కట్టుకోవచ్చు" అన్నారు. నా దగ్గర 12 వేలున్నాయి. గాజులు కుదువ పెట్టమంటావా?

జవాబు: వద్దు చెల్లెమ్మా. గాజులు చేతికే ఉండనివ్వు. నీ 12 వేలు కూడా మొత్తం ఖర్చు కాకపోవచ్చు.

ముందు బాబు చేత ఒక పని చేయించు. సిస్టమ్ ఆన్ చేసి, బ్రౌజర్‌లో రెండు మూడు పేజీలు తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమను. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ (అంటే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ అని మూడు వరసలుంటాయి. ఏది వంద శాతం దగ్గర అతుక్కుపోయి ఉందో చూడమను. నువ్వు రాసినదాన్ని బట్టి డిస్క్ వంద దగ్గర, మెమరీ తొంభై దాటి ఉంటాయి. ప్రాసెసర్ మాత్రం చాలాసేపు పని లేకుండా కూర్చుని ఉంటుంది. అంటే వేస్ట్ అన్న ఆ ఐ3 అసలు అడ్డమే కాదు.

హార్డ్ డిస్క్ లోపల పళ్ళెం తిరుగుతూ ఉంటే ఒక చేయి అటూ ఇటూ కదిలి సమాచారం వెతుకుతుంది. ఒక్కో చిన్న ఫైలు దగ్గరికి చేరడానికి పది మిల్లీ సెకన్ల దాకా పడుతుంది, అంటే సెకనుకి వంద చిన్న ఫైళ్ళు చదివితే గొప్ప. విండోస్ మొదలవడానికి వేల ఫైళ్ళు చదవాలి. హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే ఎస్ఎస్‌డీ అనే రకంలో కదిలే భాగమే ఉండదు కాబట్టి అదే పని సెకనుకి వేల సార్లు చేస్తుంది. పదేళ్ళ నాటి సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టాక దాని ఓనరు మొహంలో కనిపించే సంతోషం నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే ఇష్టమైన విషయం.

కాబట్టి కొనాల్సినవి రెండే: 480 లేదా 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ ఒకటి, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకటి. మీ బోర్డు 2013, 2014 కాలం నాటిది కాబట్టి సన్నటి ఎం.2 రకం ఎస్ఎస్‌డీ దానికి పట్టకపోవచ్చు. రెండున్నర అంగుళాల చదరపు బిళ్ళలా ఉండే సాటా రకమే అడుగు. ఆ కాలపు బోర్డుల్లో సాటా పోర్టులు అన్నీ ఒకే వేగంవి కావు, సాధారణంగా రెండు 6 గిగాబిట్‌వి, రెండు 3 గిగాబిట్‌వి ఉంటాయి. రంగు వేరుగా ఉంటుంది, లేదా పక్కన అంకె రాసి ఉంటుంది. ఎస్ఎస్‌డీ కేబుల్ 6 అని ఉన్నదానికే పెట్టించు.

ర్యామ్ దగ్గర ఒక జాగ్రత్త. డీడీఆర్3లో చాలా తక్కువ ధరకి 8 జీబీ స్టిక్కులు దొరుకుతాయి. వాటిలో కొన్ని ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసే రకం. మీది ఇంటెల్, అది పెడితే డిస్‌ప్లే కూడా రాదు. సీపీయూ డబ్బా షాపుకే తీసుకెళ్ళి, అక్కడే పెట్టించి, 8 జీబీ అని స్క్రీన్ మీద కనిపించాకే డబ్బులివ్వు. డీడీఆర్4 స్టిక్ చూపించి "ఇది కొత్తది, ఫాస్టు" అంటే తీసుకోవద్దు, గాడి వేరే చోట ఉంటుంది, మీ బోర్డులో దిగదు.

ఇక విండోస్ సంగతి. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మీది నాలుగో జనరేషన్. దొంగదారిలో ఎక్కించేవాళ్ళున్నారు, అది పనిచేస్తుంది కూడా, కానీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. విండోస్ 10కి గడువు పొడిగించే పథకం ఉంది గానీ అది తాత్కాలికం. బీటెక్ పిల్లాడికి నా సలహా లినక్స్ మింట్. ఉచితం. సీ, పైథాన్, జావా అన్నీ దాని మీద హాయిగా నడుస్తాయి. పైగా రేపు ఉద్యోగంలో సర్వర్ల ముందు కూర్చున్నప్పుడు లినక్స్ తెలిసిన పిల్లాడు తడబడడు. కాలేజీవాళ్ళు ఏదైనా పరీక్షకి విండోస్ తప్పదంటే, అదే ఎస్ఎస్‌డీలో ఒక పక్కన విండోస్ కూడా ఉంచుకోవచ్చు.

మొదటి రెండేళ్ళకి ఇది సరిపోతుంది. మూడో ఏడాదిలో ఆండ్రాయిడ్ స్టూడియో లాంటి పెద్దవి వస్తే 8 జీబీ ఇరుకవుతుంది, ప్రాసెసర్ కూడా ఆయాసపడుతుంది. మెషిన్ లెర్నింగ్ లాంటివి గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్ నుంచే ఉచితంగా చేసుకోవచ్చు, ఇంట్లో పెద్ద మిషన్ అక్కర్లేదు. అప్పటికి బాబుకే తెలుస్తుంది తనకేం కావాలో. నెలకి కొంత పక్కన పెట్టుకుంటూ వెళ్తే అప్పుడు అప్పు లేకుండా కొనొచ్చు. పాత హార్డ్ డిస్క్ పారేయకు. అందులో ఫోటోలూ అవీ ఉంటే అలాగే రెండో డిస్క్‌గా లోపల ఉంచమను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. రిటైర్డ్ టీచర్ని. లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు గది. ఐదేళ్ళ క్రితం కొన్న కంప్యూటర్ అప్పుడప్పుడు ఆన్ అవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, కానీ తెర మీద ఏమీ రాదు. బీప్ బీప్ అని శబ్దం. వచ్చినవాళ్ళు ఏదో కదిపి బాగుచేసి వెళ్తారు, మళ్ళీ కొన్నాళ్ళకి అదే. ఈసారి వచ్చినతను బోర్డు పోయింది, మొత్తం మార్చాలన్నాడు. నిజమేనా?

జవాబు: మాస్టారూ, కదిపితే పనిచేస్తోందంటే బోర్డు పోయిందని అంత తొందరగా నేను ఒప్పుకోను. మీ గది గాలి మీదే నా మొదటి అనుమానం.

మన ఊళ్ళో బీచ్ వైపు ఇళ్ళ నుంచి వచ్చే మిషన్‌లని వెనక రేకు చూసే గుర్తుపడతాను. స్క్రూలు తుప్పు పట్టి ఉంటాయి, యూఎస్‌బీ పోర్టుల అంచులు నల్లబడి ఉంటాయి. సముద్రపు గాలిలో ఉప్పు కణాలుంటాయి. అవి లోపలి దుమ్ములో కలిసి బోర్డు మీద పొరలా పేరుకుంటాయి. ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది, ఆ తేమ పొర ర్యామ్ స్టిక్కుకీ స్లాటుకీ మధ్య కాంటాక్ట్ చెడగొడుతుంది. అవతల ఓల్డ్ టౌన్ వైపు నుంచి వచ్చేవాటిలో పోర్టు దుమ్ము నల్లగా ఉంటుంది. ఆ బాధ వేరు, దానికి ఫ్యాన్లు మూసుకుపోయి సిస్టమ్ వేడెక్కుతుంది.

బీప్‌ల అర్థం బోర్డును బట్టి మారుతుంది గానీ, డిస్‌ప్లే లేకుండా బీప్ వస్తే నేను ముందు ర్యామ్‌నే తీస్తాను. మీరే చేసుకోవచ్చు, కష్టం కాదు. ప్లగ్ గోడ నుంచి పీకేయండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క మూత తీసి, డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. ర్యామ్ స్టిక్ రెండు చివరలా ఉన్న క్లిప్పులు వెనక్కి నొక్కితే పైకి లేస్తుంది. దాని కింద బంగారు రంగు గీతలుంటాయి, పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే మెత్తటి తెల్ల రబ్బరుతో వాటిని నెమ్మదిగా రుద్దండి. గరుకుగా ఉండే ఇంకు రబ్బరు వాడొద్దు, పూత లేచిపోతుంది. రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా దూరంగా కూర్చుని చేసి, పొడి బ్రష్షుతో తుడిచి, స్లాటులో క్లిక్ మనేదాకా దించండి. స్లాటులోకి ఊదకండి, నోటి తడి వెళ్తుంది.

మళ్ళీ రాకుండా ఉండాలంటే బల్లని సముద్రం వైపు కిటికీ నుంచి లోపలి గోడకి జరపండి. డబ్బా నేల మీద పెట్టొద్దు. ఇంకొకటి, రోజూ కాసేపైనా ఆన్ చేయండి. నడుస్తున్న మిషన్ వేడికి లోపలి తేమ పోతుంది. వారాల తరబడి మూసి ఉంచినవే ఎక్కువ పాడవుతాయి. గుడ్డ కవరు కప్పాలనిపిస్తే ఆపేసి చల్లారాకే కప్పండి. ఇంత చేసినా తరచూ వస్తుంటే అప్పుడు వేరే ర్యామ్ పెట్టి చూడమనండి. దానితోనూ అదే వరస అయితే బోర్డు మాట ఆలోచిద్దాం.

ఈ సందర్భంలోనే ఒక మాట చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మా షాపు నిండా తడిసిన డబ్బాలే. కరెంటు రాగానే "పనిచేస్తుందేమో చూద్దాం" అని స్విచ్ వేసినవి చాలావరకు కాలిపోయాయి. ముట్టుకోకుండా తెచ్చినవాటిని విప్పి, ఉప్పు కడిగి, బాగా ఆరబెట్టాక ఎన్నో బతికాయి. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ ప్లగ్‌లూ కేబుళ్ళూ పీకి, డబ్బాని మంచం మీదకో అటక మీదకో ఎక్కించండి. తడిస్తే మాత్రం ఎవరెంత చెప్పినా స్విచ్ వేయకండి.

ప్రశ్న: మేడమ్, అక్కయ్యపాలెంలో ఉంటాను. నాలుగు చిన్న షాపులకి ఇంటి నుంచే లెక్కలు రాస్తాను, టాలీ, జీఎస్టీ రిటర్నులు. ద్వారకా నగర్‌లో ఒక షాపులో కంపెనీ వాడిన సెకండ్ హ్యాండ్ సిస్టమ్ చూశాను. "ఐ5, 16 జీబీ, 512 ఎస్ఎస్‌డీ, 14,500" అన్నారు. ఇలాంటివి నమ్మొచ్చా? నా బడ్జెట్ 20 వేలు, మానిటర్ ఉంది.

జవాబు: నమ్మొచ్చు బాబూ. పెద్ద ఆఫీసులు నాలుగైదేళ్ళకి మిషన్‌లు మార్చేస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి అలా బయటికొస్తాయి. గట్టి సరుకు. మన బడ్జెట్లో కొత్త అసెంబుల్డ్ కంటే ఇవి మేలని నేను చాలామందికి చెబుతుంటాను. కాకపోతే నువ్వు రాసిన కొటేషన్‌లో అసలు సంగతే లేదు.

ఉట్టి "ఐ5" అనడం, పట్టుచీర అని చెప్పి ఏ ఊరి నేతో చెప్పకపోవడం లాంటిది. ఐ5-3470 కూడా ఐ5నే, అది 2012 నాటిది. ఐ5-8500 కూడా ఐ5నే, అది 2018ది. మొదటిదానికి నాలుగు కోర్లు (ప్రాసెసర్‌లో ఒకేసారి పనిచేసే చేతులనుకో), రెండోదానికి ఆరు. 2017 చివర్లో వచ్చిన ఐ3-8100 ముందు ఆ పాత ఐ5 నిలబడదు. గీత తర్వాత వచ్చే అంకె జనరేషన్ చెబుతుంది: 3 అంటే మూడు, 8 అంటే ఎనిమిది. ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి, 10400 అంటే పదో జనరేషన్. ఎనిమిదికి తక్కువైతే నువ్వు తీసుకోవద్దు. నీ పని పన్నులూ బ్యాంకు లావాదేవీలూ కాబట్టి అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీద చేయకూడదు. ఎనిమిది, ఆ పైన అయితే ఈ ధరకి నేను ఆలోచిస్తాను.

షాపులో సిస్టమ్ ఆన్ చేయించు. విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కి ఇంగ్లీషులో msinfo32 అని కొట్టు. ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, బోర్డు ఎవరిది, అన్నీ అక్కడుంటాయి. తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్ళి నడుపు. ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో, ఆరోగ్యం ఎంత శాతం మిగిలిందో చూపిస్తుంది. పేరు ఊరు లేని ఎస్ఎస్‌డీ అయితే దాన్ని తీసేయించి, పేరున్న కంపెనీది కొత్తది వేయించి తేడా కట్టు. లెక్కల పనిలో దీని దగ్గర బేరం ఆడొద్దు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ కూడా తెరిచి చూడు. కంపెనీ మిషన్‌లలో చాలావాటికి విండోస్ లైసెన్సు బోర్డుతోనే వస్తుంది. అది ఉంటే నీకు పెద్ద ఖర్చు తప్పినట్టే.

ఈ బ్రాండెడ్ డబ్బాలతో ఒక ఇబ్బంది ఉంది. వాటి ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె) చాలాసార్లు ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, మామూలుది కొని పెడదామంటే పట్టదు. అందుకని ఎస్ఎంపీఎస్‌కీ బోర్డుకీ కలిపి ఎన్ని నెలల వారంటీ ఇస్తున్నారో బిల్లు మీదే రాయించు. నోటి మాట వారంటీ వారంటీ కాదు. వెనక పోర్టులు కూడా చూసుకో. కొన్నిటికి డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉండి హెచ్‌డీఎంఐ ఉండదు, మీ మానిటర్‌కి సరిపోయే కేబుల్ అప్పుడే అడిగి తీసుకో. వైఫై కూడా ఉండకపోవచ్చు. నీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, కాంపోజిషన్ స్కీమ్‌లో లేకపోతే, నీ నంబరుతో బిల్లు తీసుకో. ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు.

మిగిలిన డబ్బుతో యూపీఎస్ కొను. ఆ తర్వాత డేటా కాపీకి బయటి హార్డ్ డిస్క్ ఒకటి. టాలీకి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు, రాసుకుంటుండగా కరెంటు పోకుండా ఉండటమే దానికి ముఖ్యం. నాలుగు షాపుల లెక్కలు నీ చేతిలో ఉన్నాయి, ఒక్క డిస్క్‌ని నమ్ముకోవద్దు.

ప్రశ్న: అమ్మా, కురుపాం మార్కెట్ దగ్గర నాకు చిన్న ప్రెస్సు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు. పెంటియం 4 సిస్టమ్, విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఇంకా నడుస్తోంది. మా అబ్బాయి కొత్తది కొందామంటున్నాడు. కొత్తదానిలో ఇవన్నీ పనిచేస్తాయా అని భయం.

జవాబు: అన్నయ్య గారూ, కొనండి, కానీ పాతదాన్ని కదపకండి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, కొత్త విండోస్‌లో అది సాఫీగా నడుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫాంట్ల లైసెన్సు ఆ సిస్టమ్‌కే ముడిపడి ఉంటే అమ్మినవాళ్ళని అడగకుండా ఏదీ తీయొద్దు.

నా తొందరంతా మీ హార్డ్ డిస్క్ గురించి. ఇన్నేళ్ళు నడిచింది ఏ పొద్దున్నయినా ఆగిపోవచ్చు, అందులో మీ జీవితమంతా కంపోజ్ చేసిన మేటర్ ఉంది. కొత్తది కొనకముందే దాన్ని మొత్తం ఇంకో డిస్క్‌లోకి యథాతథంగా కాపీ తీయించండి. పాత ఐడీఈ డిస్క్‌ని యూఎస్‌బీతో కలిపే కన్వర్టర్ రిపేరు షాపుల్లో ఉంటుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ఆ సిస్టమ్‌కి నెట్ కేబుల్ పెట్టనే వద్దు. పెన్ డ్రైవ్‌లతో వైరస్‌లు రాకుండా చూసుకోండి.

కొత్తది మీ అబ్బాయికి వదిలేయండి. ఈ రోజుల్లో కస్టమర్లు మేటర్ వాట్సాప్‌లో పంపుతారు, అది యూనికోడ్ తెలుగు, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా చదవగలిగే పద్ధతి. మీ అను ఫాంట్ల మేటర్ వాళ్ళకి పంపితే అర్థం కాని గుర్తుల్లా కనిపిస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే కన్వర్టర్లున్నాయి, మార్చాక వత్తులూ పొల్లులూ కచ్చితంగా ప్రూఫ్ చూడాలి. కొత్త పని యూనికోడ్‌లో, పాత కార్డుల రిపీట్ ఆర్డర్లు పాతదానిలో. కొన్నాళ్ళు రెండూ పక్కపక్కన నడవనివ్వండి.

ప్రశ్న: మధురవాడ నుంచి రాస్తున్నాను మేడమ్. డిగ్రీ అయింది. మా ఊరి వంటల మీద వీడియోలు చేస్తున్నాను, ఫోన్‌తో తీసి కంప్యూటర్లో ఎడిట్ చేయాలనుకుంటున్నాను. 45 వేలు కూడబెట్టాను. షాపువాళ్ళ కొటేషన్: ఐ3-12100ఎఫ్, 8 జీబీ ర్యామ్, జీటీ 710 గ్రాఫిక్స్ కార్డు, 600 వాట్స్ ఎస్ఎంపీఎస్, రంగు లైట్ల క్యాబినెట్, 22 అంగుళాల మానిటర్. తీసుకోమంటారా?

జవాబు: అలాగే మాత్రం తీసుకోకు తమ్ముడూ. ప్రాసెసర్ మంచిదే, చివర ఉన్న ఆ ఒక్క అక్షరం దగ్గరే చిక్కు. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకుండా తెర మీద బొమ్మ రాదు. అందుకే చవకలో దొరికే జీటీ 710 అంటగడుతున్నారు. అది దశాబ్దం దాటిన టెక్నాలజీ. ఇప్పటి ఫోన్లు చాలావరకు వీడియోని హెచ్ఈవీసీ అనే పద్ధతిలో తీస్తాయి. దాన్ని విప్పి చూపించే ఏర్పాటు జీటీ 710లో లేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడి టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తుంది. ఎఫ్ లేని ఐ3-12100లో ఉన్న గ్రాఫిక్స్‌కి ఆ పని చేతనవును. అంటే కార్డు తీసేస్తే నీ పని ఇంకా బాగా నడుస్తుంది.

కార్డు డబ్బు, రంగు లైట్ల డబ్బు కలిపి ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మళ్ళించు. వీలైతే ఐ5-12400, ఆరు కోర్లు, అదీ ఎఫ్ లేనిదే. ఏఎండీలో రైజెన్ 5 5600జీ కూడా ఈ పనికి సరిపోతుంది, దానికీ ఆరు కోర్లే, గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి. ర్యామ్ 16 జీబీ తప్పనిసరి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అయినా ఇక్కడ తగ్గించకు. లోపలి గ్రాఫిక్స్ ర్యామ్‌నే పంచుకుంటాయి కాబట్టి ఒక్క స్టిక్ కంటే 8 జీబీవి రెండు పెడితే వేగం తేడా స్పష్టంగా తెలుస్తుంది. బోర్డుకి ఎన్ని స్లాట్‌లున్నాయో ముందు అడుగు. రెండే ఉంటే తర్వాత 32కి వెళ్ళాలంటే ఇవి తీసేయాల్సి వస్తుంది. నాలుగుంటే బెంగ లేదు.

ఎస్ఎంపీఎస్ మీద 600 అని అంకె ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. 80 ప్లస్ ముద్ర (కరెంటు తక్కువ వృథా చేస్తుందని గుర్తు) ఉన్న పేరున్న కంపెనీది 450 వాట్స్ చాలు. మన దగ్గర వోల్టేజీ ఎగిరినప్పుడు చవక ఎస్ఎంపీఎస్ తను పోతూ బోర్డునీ తీసుకుపోతుంది. అలా పోయినవి నా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మానిటర్ ఐపీఎస్ ప్యానెల్ అడుగు, లేకపోతే నీ పులుసు రంగు నీకొకలా, చూసేవాళ్ళకొకలా కనిపిస్తుంది. ప్రాసెసర్ డబ్బా సీలుతో ఉందో లేదో చూసుకో. ఇంటెల్ బాక్స్ ప్రాసెసర్‌కి మూడేళ్ళ వారంటీ ఉంటుంది. విడిగా ట్రేలోంచి తీసి ఇచ్చేదానికి షాపు ఎంత ఇస్తే అంతే.

ఆ 45 వేలలో అన్నీ ఇమడకపోతే గ్రాఫిక్స్ కార్డు ఆలోచన ఈ ఏడాదికి పూర్తిగా వదిలెయ్. ఛానెల్ నిలబడ్డాక ఇదే సిస్టమ్‌లో పెట్టుకోవచ్చు.

ప్రశ్న: గోపాలపట్నం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలవుతోంది. విడిగా యూపీఎస్ కొనాలా?

జవాబు: ముందు ఇన్వర్టర్ వెనక చూడండి. చాలావాటికి యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది మామూలు మోడ్‌లో ఉంటే మారే వ్యవధి ఎక్కువ, ఫ్యాన్లకీ లైట్లకీ పర్వాలేదు గానీ కంప్యూటర్ తట్టుకోలేదు. ఆ స్విచ్ మార్చి చూడండి, చాలా ఇళ్ళలో సమస్య అక్కడితో తీరిపోతుంది. తీరకపోతే 600 వీఏ యూపీఎస్ చాలు, అది సుమారు 360 వాట్లు మోస్తుంది, ఫైళ్ళు సేవ్ చేసి ఆపుకునే సమయం ఇస్తుంది. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్ళకి బలహీనపడుతుంది, అప్పుడు బ్యాటరీ మాత్రమే మార్పించండి. లేజర్ ప్రింటర్‌ని ఎప్పుడూ దానికి తగిలించొద్దు.

ప్రశ్న: కంచరపాలెం నుంచి, మేడమ్. రోజూ ఆన్ చేయగానే తేదీ పాత సంవత్సరంలోకి వెళ్ళిపోతోంది, వెబ్‌సైట్లు "సురక్షితం కాదు" అంటున్నాయి. వైరస్ అని ఫార్మాట్ కొట్టి డబ్బులు తీసుకున్నారు, తగ్గలేదు. కొత్త సిస్టమ్ కొనమంటున్నారు.

జవాబు: కొనొద్దమ్మా. బోర్డు మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, దాని పేరు సీఆర్2032. ప్లగ్ పీకేసినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోయింది. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లు సరిపోలవు, అందుకే ఆ హెచ్చరిక. వాచీలు రిపేరు చేసేచోట అడిగినా తక్కువ ధరకే దొరుకుతుంది. ప్లగ్ పీకి, పక్కనున్న క్లిప్పు నొక్కితే పాతది పైకి వస్తుంది, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టండి. ఆన్ చేసి తేదీ, టైము ఒకసారి సరిచేస్తే చాలు.